గాలిలో బంతికి గణవిభజన

జూన్ 17వ తేదీకి దగ్గరగా వచ్చే శనివారాన్ని ప్రపంచ జగ్లింగ్ దినంగా జరుపుకుంటారు. 1947లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కొందరు జగ్లర్లు కూడి అంతర్జాతీయ జగ్లర్ల సంఘం పెట్టుకున్న తేదీ అది. ఆ శనివారం అనేక దేశాల్లో పార్కుల్లోను, కాలేజీ ఆవరణల్లోను బంతులు, రింగులు, క్లబ్బులు గాలిలోకి లేస్తాయి. మన దగ్గర దీని సందడి తక్కువే. అయినా ఈ రోజును తలచుకోవడానికి మనకూ ఒక కారణం ఉంది. చేతిలోని వస్తువులను ఎగరేసి పట్టే ఈ విద్య వయసు నాలుగు వేల ఏళ్ల పైమాటే. దాన్ని అంకెలతో రాసుకునే పద్ధతి వచ్చి మాత్రం నాలుగు దశాబ్దాలే. అంత పాత విద్య ఇంత ఆలస్యంగా కాగితం మీదికి ఎక్కితే ఏం జరిగిందో మన కళ్లముందే తేలింది. ఒక విద్యను రాసిపెట్టుకోవడమంటే ఉన్నదాన్ని భద్రపరచుకోవడమని అనుకుంటాం. మంచి రాత అంతటితో ఆగదు. ఇంకా ఎవరూ చేయనివాటి జాబితాను కూడా చేతికిస్తుంది. జగ్లింగ్ నేర్పే పెద్ద పాఠం ఇదే.

ముందు పాత సంగతులు. ఈజిప్టులో బెని హసన్ దగ్గర 15వ నంబరు సమాధి గోడ మీద బంతులు ఎగరేస్తున్న స్త్రీల బొమ్మలు ఉన్నాయి. వాటి కాలం సుమారు క్రీ.పూ. 2000. చైనా పాత గ్రంథాల్లో చూ రాజ్యానికి చెందిన యీలియావ్ అనే వీరుడు తొమ్మిది బంతులు ఎగరేసి శత్రుసేనను నిశ్చేష్టుల్ని చేశాడన్న కథ ఉంది. పదో శతాబ్దపు ఖగోళ, గణిత పండితుడు అల్ కూహీ పండితుడు కాకముందు బాగ్దాదు బజారులో గాజు సీసాలు ఎగరేసేవాడని చెబుతారు. 1770లలో కెప్టెన్ కుక్ రెండో యాత్రలో ఓడ ఎక్కిన జార్జ్ ఫోర్‌స్టర్ అనే యువ శాస్త్రజ్ఞుడు టోంగా దీవుల్లో ఒక అమ్మాయి ఆపిల్ పళ్లంత ఉన్న అయిదు గుండ్రటి కాయలను ఒక్కటీ కింద పడకుండా ఎగరేయడం చూసి ఆశ్చర్యపడి రాసుకున్నాడు. టోంగాలో ఆడపిల్లలు ఈ ఆటను తరతరాలుగా ఆడుతున్నారు.

ఈ కథనాలన్నిటిలోను ఒకటే లోటు. ఎన్ని వస్తువులో తెలుస్తుంది, చూసినవాళ్లు ఎంత అబ్బురపడ్డారో తెలుస్తుంది. ఏ బంతి ఏ బంతి తర్వాత లేచిందో తెలియదు. ఇటీవలి కాలానికి వచ్చినా ఇంతే. ఇరవయ్యో శతాబ్దపు జగ్లర్లలో అగ్రగణ్యుడని పేరు పొందిన ఇటలీ కళాకారుడు ఎన్రికో రాస్తెల్లి 1931లో, 35 ఏళ్లు నిండకుండానే కన్నుమూశాడు. ఆయన విద్యలో మిగిలింది ఫొటోలు, కొద్దిపాటి ఫిల్ము, చూసినవాళ్ల పొగడ్తలు. సంగీతానికి స్వరం ఉంది, పద్యానికి గణం ఉంది. జగ్లర్ దగ్గర గురువు చేయి, శిష్యుడి కన్ను తప్ప ఇంకేం లేవు.

మార్పు 1980లలో, ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు చోట్ల వచ్చింది. కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్‌లో పాల్ క్లిమెక్ 1981లోనే ఈ ఆలోచన చేశాడు. 1985లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో బ్రూస్ టీమన్, బెంట్ మాగ్నుసన్ అదే పద్ధతికి చేరారు. అదే ఏడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మైక్ డే, కోలిన్ రైట్, ఆడమ్ చాల్‌క్రాఫ్ట్ కూడా అక్కడికే వచ్చారు. ఇప్పుడు లోకమంతా దీన్ని సైట్‌స్వాప్ అంటోంది. నాలుగు వేల ఏళ్లు ఎవరికీ తట్టనిది నాలుగైదేళ్ల వ్యవధిలో మూడు చోట్ల తట్టడం కేవలం కాకతాళీయం కాదు. విశ్వవిద్యాలయాల్లో గణితం, భౌతికశాస్త్రం చదివే కుర్రాళ్లు సరదాగా బంతులు పట్టడం మొదలుపెట్టిన రోజులవి. అడగాల్సిన ప్రశ్న మారింది. చేయి ఎలా కదులుతోంది, బంతి ఎంత ఎత్తుకు వెళుతోంది, ఏ దారిన తిరుగుతోంది అన్నవన్నీ వాళ్లు పక్కన పెట్టారు. ఇప్పుడు విసిరిన బంతి మళ్లీ ఎన్నో దెబ్బకు చేయి వదులుతుంది? అదొక్కటే పట్టుకున్నారు.

తాళం వేస్తున్నట్టు సమానమైన దెబ్బలు పడుతున్నాయనుకోండి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒక్కో దెబ్బకు ఒక్కో చేయి ఒక బంతిని వదులుతుంది. ఇప్పుడు వదిలిన బంతి మూడు దెబ్బల తర్వాత మళ్లీ విసరబడితే ఆ విసురు పేరు 3. నాలుగు దెబ్బల తర్వాతయితే 4. చేతులు వంతులవారీగా వస్తాయి కాబట్టి బేసి అంకె బంతి అవతలి చేతికి పోతుంది, సరి అంకె బంతి లేచిన చేతికే తిరిగొస్తుంది. 2 అంటే మామూలుగా బంతిని చేతిలోనే ఉంచుకోవడం. 1 అంటే పక్క చేతికి గబుక్కున అందించడం. 0 అంటే ఆ దెబ్బకు చేయి ఖాళీ. పది, పదకొండు వంటి పెద్ద విసుర్లు వస్తే అంకెల బదులు అక్షరాలు వాడతారు. వర్ణమాల మొత్తం ఇంతే.

ఇక వాక్యాలు. నేర్చుకునేవాళ్లు మొదట పట్టే మూడు బంతుల ఆటలో ప్రతి విసురూ 3; రాయడానికి ఆ ఒక్క అంకె చాలు. నాలుగు బంతుల మామూలు ఆట 4. ఫోర్‌స్టర్ కొన్ని వాక్యాల్లో వర్ణించిన టోంగా ఆట సంప్రదాయంగా ఒక చేత్తో ఎత్తుగా విసరడం, రెండో చేత్తో వెంటనే అందించడం. అయిదు కాయలతో అది 91. రెండు అంకెలు చాలు. ఆ దీవి ఏదో, ఆ భాష ఏదో తెలియనివాడు కూడా దాన్ని చదివి సాధన మొదలుపెట్టవచ్చు. మూడు బంతులతో 441 ఉంది, 531 ఉంది. నాలుగు బంతులతో 534 ఉంది.

ఏ మూడు అంకెలు పడితే ఆ మూడు రాసేస్తే ఆట అవుతుందా? కాదు. ఈ రాతకు వ్యాకరణం ఉంది. 432 చూడండి. మొదటి దెబ్బకు వదిలిన 4, రెండో దెబ్బకు వదిలిన 3, మూడో దెబ్బకు వచ్చిన 2, మూడూ ఒకే క్షణాన ఒకే చేతికి చేరతాయి. చేయి ఒకటే, ఆట అక్కడే ఆగిపోతుంది. అవే అంకెలను 423 అని రాస్తే ఏ రెండు బంతులూ ఒకేసారి దిగవు, ఆట సాఫీగా సాగుతుంది. ఏ రెండు విసుర్లూ ఒకే దెబ్బకు దిగకూడదన్నది మొదటి నియమం. రెండోది ఇంకా ముచ్చటైనది: అంకెల సగటు కడితే బంతుల సంఖ్య వస్తుంది. 531 మొత్తం 9, విసుర్లు మూడు, బంతులు మూడు. 534 మొత్తం 12, బంతులు నాలుగు. సగటు పూర్ణాంకం కాకపోతే ఆ వరస ఆడడం అసాధ్యం. సగటు పూర్ణాంకమైనంత మాత్రాన ఆడగలమన్న హామీ లేదు; 432 సగటు కూడా మూడే కదా. కాని ఒక ఊరట ఉంది. సగటు కుదిరిన ఏ అంకెల గుంపునైనా క్రమం మార్చి ఆడదగ్గ వరసగా కనీసం ఒక విధంగా పేర్చవచ్చు. ఇది మార్షల్ హాల్ అనే గణితజ్ఞుడు 1952లో గ్రూపుల గురించి నిరూపించిన సిద్ధాంతం నుంచి వస్తుంది. ఆయన పత్రం రాసినప్పుడు జగ్లింగ్ లిపి అన్నదే లేదు.

మూడో సంగతి అన్నిటికన్నా ఫలవంతమైనది. పక్కపక్కనున్న రెండు విసుర్లు దిగే చోట్లను తారుమారు చేస్తే, ఆడదగ్గ వరస మళ్లీ ఆడదగ్గ వరసే అవుతుంది. మొదటి బంతి రెండోదాని చోట దిగాలంటే రెండోదాని అంకె కన్నా ఒక దెబ్బ ఎక్కువసేపు గాలిలో ఉండాలి. రెండోది మొదటిదాని చోటికి రావాలంటే మొదటిదాని అంకె కన్నా ఒక దెబ్బ తక్కువసేపు ఉండాలి. 333తో మొదలుపెట్టి మొదటి రెంటినీ మారిస్తే 423. అందులో చివరి రెంటినీ మారిస్తే 441. అందులో మొదటి రెంటినీ మారిస్తే 531. మూడు అడుగుల్లో అందరికీ తెలిసిన ఆట నుంచి కష్టమైన ఆటకు చేరాం. చేతిలో బంతి లేదు, కాగితం మీద పెన్సిలే ఉంది.

ఇక్కడే అసలు మలుపు. కొత్త ఆట పుట్టాలంటే అంతవరకు ఎవరి చేతిలోనో పొరపాటో ప్రయోగమో జరగాలి. ఇప్పుడు కాగితమే దాన్ని పుట్టించగలిగింది. తెలిసిన విన్యాసాలన్నిటినీ అంకెల్లో రాసి వరసగా పేర్చి చూస్తే మధ్యలో ఖాళీలు కనిపించాయని, ఆ ఖాళీల్లో తాము అంతకుముందు ఎవరి చేతిలోనూ చూడని విన్యాసాలు ఉన్నాయని కేంబ్రిడ్జి బృందంలోని కోలిన్ రైట్ తన ప్రసంగాల్లో వివరిస్తూ ఉంటాడు. 441 వంటి తేలికపాటి మూడు బంతుల వరస కూడా జగ్లర్లలో విస్తృతంగా వ్యాపించింది ఈ అంకెల పుణ్యమానే. వేల ఏళ్లుగా మూడు బంతులు పట్టినవాళ్లకు దూరంగా ఉండిపోయినది, మూడు అంకెలు పట్టినవాళ్లకు సులువుగా దొరికింది.

తెలుగు పాఠకుడికి ఈ మలుపు పరాయిది కాదు. ఛందస్సు చదువుకున్నవాళ్లకు ప్రస్తారం తెలుసు. గురులఘువుల్ని ఒక క్రమంలో మార్చుకుంటూ పోతే పాదంలో ఎన్ని అక్షరాలుంటే అన్నిసార్లు రెండును రెట్టించినన్ని వృత్తాలు వస్తాయి. ఈ లెక్క ఛందశ్శాస్త్రకారుడు పింగళుడి నాటిది. పాదానికి 20 అక్షరాలుండే కృతి ఛందస్సులో వచ్చే వృత్తాలు 10,48,576. ఉత్పలమాల అందులో 3,55,799వది. ఆ సంఖ్య ఎవరూ గాలిలోంచి తీయలేదు. భ, ర, న, భ, భ, ర, వ గణాలను ప్రస్తార క్రమంలో లెక్కగడితే ఎవరికైనా అదే వస్తుంది. ఇరవై అక్షరాల పది లక్షల పైచిలుకు రూపాల్లో తెలుగు కవుల చేతిలో బాగా నలిగినవి ఉత్పలమాల, మత్తేభవిక్రీడితం. మిగతా లక్షలు ఉన్నాయని మనకు తెలియడమే ఛందస్సు అనే రాత చేసిన మేలు. వాటిలో ఏది పాడదగ్గదో తేల్చింది కవుల చెవి.

పోలిక ఇంతటితో ఆగి ఉంటే చమత్కారంగా మిగిలిపోయేది. గణితం దాన్ని ఇంకా దగ్గరకు తెచ్చింది. ఒక్క బంతి మాత్రమే తీసుకోండి. లఘువు ఒక మాత్ర కనుక దాన్ని 1 అనే విసురుగా రాద్దాం. గురువు రెండు మాత్రలు; 2 విసిరితే తర్వాతి దెబ్బకు చేయి ఖాళీ, కనుక దాన్ని 20గా రాద్దాం. నాలుగు దెబ్బల్లో ఈ రెండు విసుర్లతో ఎన్ని వరసలు సాధ్యం? అయిదే: 2020, 2011, 1201, 1120, 1111. వాటిని గురులఘువుల్లోకి మార్చి చదివితే గగ, భ, జ, స, నల. కంద పద్యం నడిచే గణాలు సరిగ్గా ఇవే. సుమతీ శతకం కంఠస్థం చేసిన ప్రతి తెలుగు పిల్లవాడి నోటా ఈ ఒక బంతి జగ్లింగ్ వరసలన్నీ ఆడాయన్నమాట. దెబ్బల సంఖ్యను ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోతే వరసల సంఖ్య 1, 2, 3, 5, 8, 13 అని పెరుగుతుంది. మాత్రా ఛందస్సుల లెక్కలో ఈ సంఖ్యలను 12వ శతాబ్దంలో హేమచంద్రుడు చెప్పాడు. అంతకుముందే విరహాంకుడు చెప్పాడు. ఇటలీలో ఫిబొనాచీ పుస్తకం రాసింది 1202లో. పింగళుడికీ కాలిఫోర్నియా కుర్రాళ్లకూ చారిత్రక సంబంధం ఏమీ లేదు. ఉందని డంబాలు పోవడం అనవసరం. కాలాన్ని కొన్ని ముక్కలతో ఖాళీ లేకుండా, పేరుకుపోకుండా నింపడం ఎలా అన్న ఒకే సమస్య ఇద్దరి ముందూ నిలిచింది. అందుకే జవాబులు కలిశాయి.

బంతులు పెరిగితే లెక్క ఎలా పెరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు 1994లో అమెరికన్ మ్యాథమేటికల్ మంత్లీలో వచ్చింది. రచయితలు జో బ్యూలర్, డేవిడ్ ఐజెన్‌బడ్, రాన్ గ్రాహమ్, కేంబ్రిడ్జి బృందంలోని కోలిన్ రైట్. బంతుల సంఖ్యకు ఒకటి కలిపి, దాన్ని వరస పొడవు ఎంతో అన్నిసార్లు గుణిస్తే ఆ బంతులతోనో అంతకన్నా తక్కువ బంతులతోనో ఆడదగ్గ వరసలన్నీ వస్తాయి. మూడు విసుర్ల వరసలు మూడు బంతులకు మించకుండా 4 × 4 × 4, అంటే 64. అందులో రెండు బంతులకు మించనివి 27. కచ్చితంగా మూడు బంతులు కావాల్సినవి 37. 441, 414, 144 ఒకే ఆటను వేర్వేరు చోట్ల మొదలుపెట్టడమే కనుక అలాంటివి కలిపేస్తే మిగిలేవి 13. ఇంత చిక్కు ప్రశ్నకు ఇంత పొందికైన జవాబు వస్తుందని ఎవరూ ఊహించరు. బంతి సంఖ్య ఒకటైతే సూత్రం రెండును రెట్టించడమే అవుతుంది. అదే పింగళుడి ప్రస్తార సంఖ్య. 1883లో వర్‌పిట్స్కీ కనిపెట్టిన ఒక సమీకరణానికి కొత్త నిరూపణ కూడా ఆ పత్రంలో దొరికింది.

ఆ నలుగురిలో రాన్ గ్రాహమ్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బెల్ ల్యాబ్స్‌లో దశాబ్దాలు పనిచేసిన ఆయన 1972లో అంతర్జాతీయ జగ్లర్ల సంఘానికి అధ్యక్షుడు. 1993లో అమెరికన్ గణిత సంఘానికి అధ్యక్షుడు. 2020లో మరణించారు. చేతి విద్యను సరదాగాను, గణితాన్ని గంభీరంగాను విడదీసి చూసే అలవాటు ఆయనకు లేదు. అలాంటివాళ్లు నాటిన విత్తనం ఎంత దూరం పాకిందో 2013లో అలెన్ నట్సన్, థామస్ లామ్, డేవిడ్ స్పేయర్ ప్రచురించిన జ్యామితి పత్రం చూస్తే తెలుస్తుంది. దాని శీర్షికలోనే జగ్లింగ్ ఉంది. గ్రాస్‌మానియన్ అనే జ్యామితి నిర్మాణాన్ని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కకు గుర్తు పెట్టడానికి వాళ్లు వాడింది జగ్లింగ్ వరసలనే. ఆ ముక్కల గణితం నేడు కణభౌతిక శాస్త్రంలో, కణాలు ఢీకొన్నప్పటి లెక్కల్లో పనికొస్తోంది. విద్యార్థి దశలో నట్సన్ తన సహచరుడితో కలిసి పన్నెండు బంతులు మార్చుకుని ప్రపంచ రికార్డు నెలకొల్పినవాడు.

సైట్‌స్వాప్ కన్నా కొంచెం ముందు వేరే దారిలో వచ్చినవాడు క్లాడ్ షానన్. 1948లో సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన ఆయన 1980 ప్రాంతంలో జగ్లింగ్ మీద ఒక సిద్ధాంతం రాశాడు. డప్పు మీద మూడు ఉక్కు గుళ్లను ఎగరగొట్టే యంత్రాన్ని పిల్లల ఆటసామాను ముక్కలతో కట్టాడు. ఆయన సిద్ధాంతం మాటల్లో ఇలా ఉంటుంది: ఒక బంతి గాలిలోను చేతిలోను కలిపి గడిపే కాలాన్ని బంతుల సంఖ్యతో భాగించినా, ఒక చేయి బంతితోను ఖాళీగాను కలిపి గడిపే కాలాన్ని చేతుల సంఖ్యతో భాగించినా ఒకే జవాబు రావాలి. దీన్ని అంకెల రాతతో కలిపి చూస్తే శ్రమ ఎంతో తెలుస్తుంది. సెకనుకు నాలుగు విసుర్లు, ప్రతి బంతీ చేతిలో 0.3 సెకను ఆగుతుందనుకుంటే 3 అనే విసురుకు పాతిక సెంటీమీటర్ల ఎత్తు చాలు. 5కు మీటరు పైన పది సెంటీమీటర్లు. 7కు దాదాపు 2.6 మీటర్లు. 9కి 4.7 మీటర్లు. గాలిలో ఉండే కాలం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలు కావాలని గురుత్వాకర్షణ పట్టుబడుతుంది. అయిదు బంతులు పట్టినవాడు ఏడు పట్టడానికి ఎందుకు ఏళ్లు పడతాయో ఈ చిన్న లెక్కే చెబుతుంది.

రాత ఇన్ని మేళ్లు చేసింది కదా అని దాన్నే కళ అనుకుంటే పొరపాటు. మూడు బంతులతో చేతులు ఒకదానిమీదుగా ఒకటి అల్లుకుంటూ సాగే మిల్స్ మెస్ అనే అందమైన ఆట ఉంది; స్టీవ్ మిల్స్ పేరు మీద వచ్చింది. దాన్ని సైట్‌స్వాప్‌లో రాస్తే వచ్చేది 3. మొదటి రోజు విద్యార్థి తడబడుతూ పట్టేది కూడా 3. రెంటి మధ్యనున్న నైపుణ్యం, సొగసు మొత్తం ఆ అంకె వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. భుజం కింది నుంచి విసిరారా, వీపు వెనుక పట్టారా, బంతా, కత్తా, మండే కాగడానా అన్నది ఈ రాతకు పట్టదు. ఉత్పలమాల గణాలు సరిపోయినంత మాత్రాన అది పోతన పద్యం అవుతుందా?

అలా వదిలేయడంలోనే దాని బలం కూడా ఉంది. చేతి వంపు, బంతి దారి, ఆటగాడి నవ్వు అన్నీ రాయబోతే అది వర్ణన అవుతుంది. వర్ణనతో లెక్క కట్టలేం, ఖాళీలు వెతకలేం. దిగే కాలం ఒక్కటే ఉంచుకుని మిగిలినవన్నీ విడిచిపెట్టినప్పుడే నియమాలు బయటపడ్డాయి. తర్వాత అవసరం మేరకు చేర్పులు వచ్చాయి: రెండు చేతులూ ఒకేసారి విసిరే ఆటలకు కుండలీకరణాలు, ఒకే చేత్తో రెండు మూడు బంతులు కలిపి విసిరితే చదరపు బ్రాకెట్లు, ఇద్దరు ముగ్గురు మార్చుకునే ఆటలకు వేరే పటాలు. జాక్ బాయిస్ చేసిన జగ్లింగ్ ల్యాబ్ వంటి కంప్యూటర్ ప్రోగ్రాముకు అంకెలు ఇస్తే తెర మీద బొమ్మ ఆడి చూపిస్తుంది. ఏం విడవాలో తెలిసిన రాతే పనికొచ్చే రాత. ఏం విడిచామో గుర్తుపెట్టుకోవడం మాత్రం మన బాధ్యత.

ఆ బాధ్యత మరిస్తే ప్రమాదం ఉంది. రాయగలిగినదానికే విలువ కట్టడం మనుషుల స్వభావం. పెద్ద అంకె గొప్పదని, అంకెల్లోకి రానిది లేనట్టేనని అనిపించడం మొదలవుతుంది. జగ్లింగ్‌లోనూ లెక్కకు వచ్చే కష్టం వైపు మొగ్గేవాళ్లు, దేహం మీద, రంగస్థలం మీద మనసు పెట్టేవాళ్లు వేర్వేరు దారులు తొక్కుతూనే ఉన్నారు. పరీక్షల్లో మార్కుల చుట్టూ చదువును తిప్పుకున్న సమాజంగా మనకు ఈ జబ్బు లక్షణాలు బాగా తెలుసు. రాత తప్పు కాదది. రాతకు ఉన్న హద్దును మరచిన చదువరి తప్పు. ప్రస్తారం పది లక్షల వృత్తాలు చూపించినా, ఏది కావ్యంలో నిలవాలో నిర్ణయించే అధికారాన్ని కవి, శ్రోత తమ దగ్గరే ఉంచుకున్నారు.

మన బడులకు ఇందులో పనికొచ్చేది చాలా ఉంది. మాడ్యులర్ అంకగణితం, ప్రస్తారాలు, సగటు, ఒక నియమం నిజమైనంత మాత్రాన దాని విపర్యయం నిజం కానక్కరలేదన్న తర్కం, ఇవన్నీ పై తరగతుల్లో పిల్లల్ని భయపెట్టే అధ్యాయాలు. మూడు గుడ్డ బంతులు, ఒక నల్లబల్ల ఉంటే అవి అరగంటలో కళ్లకు కడతాయి. 432 ఎందుకు ఆడదో చేతిలో బంతులు గుద్దుకున్నప్పుడు అర్థమవుతుంది. 423 ఎందుకు ఆడుతుందో బల్ల మీద బాణాలు గీస్తే అర్థమవుతుంది. అదే పూట తెలుగు ఉపాధ్యాయుడు వచ్చి కంద పద్యం గణాలు రాయించి, వాటిని ఒక్క బంతితో ఆడించి చూపితే, రెండు పాఠాలూ ఒకటే పాఠమని పిల్లలకు తట్టదా? రెండు శాఖల మధ్య మనం కట్టుకున్న గోడ ఛందశ్శాస్త్రం రాసినవాళ్లకు తెలియదు. లెక్క రానివాడికి ప్రస్తారం రాదు.

మన ఆడే పాడే కళలకు కూడా ఈ ప్రశ్న వేయాలి. కోలాటంలో ఒక్కో కోపుకు ఒక్కో అల్లిక ఉంటుంది: ఎవరు ఎవరికి ఎదురవుతారు, ఎన్నో దెబ్బకు జత మారుతుంది, ఎన్ని చుట్లకు మొదటి జత మళ్లీ కలుస్తుంది. ఇది అంకెలకు లొంగే విషయమే. వీడియో తీసి దాచుకోవడం ఇప్పుడు సులువు, మంచిదే. వీడియో ఆడిన కోపును మాత్రమే చూపిస్తుంది. రాత ఆడగలిగే కోపులన్నిటినీ చూపించగలదు. ఊళ్లో పెద్దలు పది కోపులు నేర్పితే, వాటిని రాసుకున్న పిల్లలు పదకొండోదాన్ని కట్టగలరు. అది ఆడి చూసి బాగుందో లేదో చెప్పవలసింది మళ్లీ ఆ పెద్దలే. కళాకారుడిని పక్కన పెట్టి పండితుడు ఒక్కడే కూర్చుని రాసే రాత మనకు వద్దు. సైట్‌స్వాప్ కనిపెట్టినవాళ్లు బంతులు పట్టడం వచ్చినవాళ్లే అన్న సంగతి మరవకూడదు.

దూరదృష్టితో చూస్తే నాలుగు దశాబ్దాలు ఒక లిపికి శైశవం. పింగళుడి సూత్రాల నుంచి హేమచంద్రుడి లెక్కల వరకు వెయ్యేళ్లకు పైగా పట్టింది. 1356లో నారాయణ పండితుడు గణిత కౌముది రాసి దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. ఆ మధ్యకాలమంతా కవులు పద్యాలు రాస్తూనే ఉన్నారు, లెక్కలు కట్టేవాళ్లు కడుతూనే ఉన్నారు. ఎవరి పని వాళ్లు చేస్తూ ఒకరి పని ఒకరు గమనించుకున్నందుకే రెండూ బతికాయి. జగ్లింగ్‌లో ఇప్పుడు జరుగుతున్నదీ అదే. కాగితం సాధ్యాల పట్టిక ఇస్తుంది, చేయి అందులోంచి ఏరుకుంటుంది, కన్ను మెచ్చుకుంటుంది లేదా పెదవి విరుస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మిగతా రెంటినీ అణచివేసినా విద్య కుంటుపడుతుంది. ఈ జూన్ శనివారం మన బడుల్లో, గ్రంథాలయాల్లో, కళాక్షేత్రాల్లో కొన్ని బంతులు లేవాలి. వాటి పక్కనే ఒక పలక, ఒక బలపం కూడా ఉండాలి.